ఏడో నంబరు

ఉమ్ అల్ కువైన్ ఖోర్‌లో ఆటు సమయం.
నీళ్లు వెనక్కి పోయాక నేల పొట్టు రేగి
కాలు పెడితే అప్పడంలా విరుగుతోంది.
బండి రోడ్డు మీదే ఆపాను. సబ్ఖాని నమ్మకూడదు,
పైన పెంకు, కింద జావ.

డాక్టర్ ఇబ్తిసాం మోకాళ్ల మీద కూర్చుంది.
పోర్ట్ సూడాన్ మనిషి, ఎండకి తల వంచదు,
మొక్కకి వంచుతుంది.
ఇక్కడ మట్టి పోసి హోటలు లేపేలోగా
ఏమేం బతుకుతున్నాయో జాబితా రాయాలట.
ఆరింటికి పేర్లు దొరికాయి.
ఏడో గడిలో ప్రశ్నగుర్తు.

నేను డ్రైవర్ని. నీళ్ల డబ్బా, ఇనప చట్రం మోస్తాను.
అయినా ఏడో నంబరుని చూడగానే
నోట్లో నీళ్లూరాయి.

ఇలకూర!
నౌపడ ఉప్పు కొఠార్లలో, మడికీ మడికీ మధ్య గట్టు మీద,
ఇంకేదీ మొలవని చోట మొలిచేది.
గున్నమ్మత్త ఒళ్లో తుంపుకొచ్చి
రెండుసార్లు ఉడకేసి, రెండుసార్లు వార్చి
గుప్పెడు ఎండు రొయ్యలు కలిపేది.
"ఉప్పెయ్యకండర్రా, అది తినే వొచ్చింది."

"మేం దీన్ని తింటాం" అన్నాను నా వచ్చీరాని అరబ్బీలో.
ఆమె నవ్వలేదు. భూతద్దం చేతికిచ్చి
"తిన్నది సరే, చూశావా?" అంది.

ఆకు బల్లపరుపా? కాదు, ఉబ్బిన కందిపుల్లలా గుండ్రం.
కాడకి కణుపులున్నాయా? ఉంటే వేరే మొక్క. లేవు.
నూగు? ఉంటే ఇంకో మొక్క. లేదు.
కాయకి రెక్కలు? లేవు.
లేదు, లేదు అనుకుంటూనే
దగ్గరికి వచ్చేస్తున్నాం.

దుబాయ్‌లో దిగిన రాత్రి నన్నూ ఇలాగే వెతికారు.
బొటనవేలు పెట్టమన్నారు. గీతలు పడలేదు.
పన్నెండేళ్లు ఉప్పు గోకిన వేలు,
నునుపుగా, ఎవరిదో తెలీనట్టు.
మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు.
వెనక వరస విసుక్కుంటోంది.
చివరికి కంటిపాపలో దొరికాను.

ఆమె గింజని బ్లేడుతో కోసింది.
ఆవగింజలో సగం లేదు, లోపల
మొలక నత్తలా చుట్టచుట్టుకుని పడుకుంది.
"సువైదా" అంది తృప్తిగా. "చిన్న నల్లది అని.
ఎండితే చూడు, బొగ్గే."
తర్వాత మొదలు పట్టి లాగింది. పేచీ లేకుండా వచ్చేసింది,
ఒక్క సన్నటి వేరు.
ఏడాది మొక్క.
నా వీసాయే నయం, రెండేళ్లు.

"మీ కూర ఇదేనా, దీని చెల్లెలా?
ఈ జాతికి పువ్వు తొడుగు స్పాంజిలా ఉబ్బుతుంది.
మీ దానికి ఉబ్బుతుందా?"

నాకు తెలీదు.
అన్నేళ్లు తిన్నాను, దాని పువ్వు చూడలేదు.
లేత చిగురు మీదే మా చెయ్యి పడేది.
మేం వదిలేసినవే పూసి ఉంటాయి,
అటు ఎవరు చూశారు?

గున్నమ్మత్త కూతురు దాలమ్మకి వాయిస్ పెట్టాను.
పూసిన ఇలకూర ఫొటో ఒకటి పంపవే అని.
మధ్యాహ్నానికి జవాబు:
"పూసీసినాక ఎవులు తింతార్రా దాన్ని?
ఫొటో దేనికి, నీకక్కడ తిండి పెడతన్నారా?"

ఇబ్తిసాం గడిలో పొడుగు పేరు రాసింది.
పక్కన స్థానిక నామం అనే గడి ఖాళీ.
కలం నా వైపు జరిపింది.
ఇది నా స్థానం కాదు కదా అనబోయి
తెలుగులో రాశాను. ఇలకూర.
పక్కన ఆమె ప్రశ్నగుర్తు నేనే పెట్టాను.

మొక్కని పాత పేపర్ల మధ్య పరిచి బెల్టు బిగిస్తుంటే
చిటికెడు ఆకు చేతిలో మిగిలింది.
ఆమె చూడకుండా నోట్లో వేసుకున్నాను.
ఉడకలేదు, వార్చలేదు. చచ్చేంత ఉప్పు.
నాలిక మాత్రం అదేనంటుంది,
నాలిక మాట జాబితాలో చెల్లదు.

ఎనిమిదో నంబరు నీళ్ల అంచున ఉందట.
పోటు మొదలవుతోంది.
చట్రం భుజానికెత్తుకున్నాను.